పన్నీరుబుడ్డి మీది ఎనిమిదో రేకు

పోయిన నెలలో మా మనవరాలు నన్ను హైదరాబాదుకు తీసుకుపోయి మోకాళ్ళ డాక్టరుకు చూపించి, ఎట్లాగూ ఇంత దూరం వచ్చాం కదా అని అక్కడే ఒక ప్రదర్శనకు తీసుకువెళ్ళింది. ఇరాన్ దేశంలో రాజుల అండతో చేతిపనులు ఎట్లా వికసించాయో, ఆ పనితనం కొండలూ సముద్రాలూ దాటి మన దక్కను దాకా ఎట్లా వచ్చిందో చూపించే ప్రదర్శన అట అది. తివాచీలు, నీలిరంగు పింగాణీ పలకలు, వెంట్రుకంత సన్నటి గీతలతో బొమ్మలు వేసిన పుస్తకాల పుటలు, పిడి మీద పూలు చెక్కిన కత్తులు, ఒక్కటేమిటి! చూడడానికి రెండు కళ్ళు చాలవు, సరే, నిలబడడానికి నా రెండు కాళ్ళూ చాలలేదు. లోపల యంత్రాలు విసిరే చల్లగాలికి కొంగు చెవుల చుట్టూ చుట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని, కూర్చోవడానికి ఎక్కడైనా బల్ల ఉంటే బాగుండునని వెతుక్కుంటూ చివరి గదిలోకి వచ్చాను.

ఆ గదిలో మన దక్కను వస్తువులు పెట్టారు. ఒక అద్దాల పెట్టెలో, దీపం వెలుగులో, జానెడు ఎత్తున ఒక వెండి పన్నీరుబుడ్డి నిలబడి ఉంది. పెళ్ళిళ్ళలో వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లే సన్నమెడ బుడ్డి మీలో చాలామంది చూసే ఉంటారు. దాని పొట్ట మీద వెండి తీగతో అల్లిన పెద్ద పువ్వు. నేను చూస్తూ ఉండగానే మనవరాలు కింద అతికించిన చీటీ పైకి చదివింది. వెండి తీగపని గులాబ్‌పాష్, పారసీక శైలి, నిజాం కాలం, చేసినవారెవరో తెలియదు.

"నిజాం కాలమేంది, నా మొహం! గిది మీ అమ్మ నా కడుపుల ఉన్నప్పటిది" అన్నాను, కాస్త గట్టిగానే. కావలి మనిషి తిరిగి చూశాడు, మనవరాలు సిగ్గుతో నా చెయ్యి గిల్లింది. అది కరీంనగర్‌లో మా అత్తగారింటి ముందరి గదిలో, నా కళ్ళ ముందు, ఒక విధంగా నా కళ్ళతోనే తయారైన వస్తువు. ఆ మాట మీకు అర్థం కావాలంటే నా పుట్టింటి దగ్గర మొదలుపెట్టాలి, కాస్త ఓపిక పట్టండి.

మాది నిర్మల్. కులానికి ఔసులవాళ్ళమే, అంటే కంసాలులమే గానీ మా బాపు చిన్నప్పుడే కొయ్యబొమ్మలకూ చెక్కపెట్టెలకూ రంగులు వేసే పనిలో చేరి అందులోనే స్థిరపడ్డాడు. ఉడత తోక వెంట్రుకలతో కట్టిన కుంచె పట్టుకుని, నల్లని పెట్టె మూత మీద బంగారు రంగుతో ఒక తీగ, తీగకు ఆకులు, ఆకుల నడుమ ఒక పువ్వు దిద్దుతుంటే, మా అవ్వ అన్నానికి పిలిచినా వినిపించేది కాదు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పువ్వు రేకులన్నీ ఒకే వైపు ఒరగాలి. ఒక్కటి తప్పిందా, నూనెగుడ్డ తీసుకుని మూత మొత్తం తుడిచేసేవాడు. ఆ తప్పును పట్టే పని నాది. ఊఁ అని నేను వేలు పెట్టానంటే మా బాపు మారు మాట లేకుండా తుడిచేసేవాడు, పొద్దంతా చేసిన పని అయినా సరే. అంత నమ్మకం నా కంటి మీద. నాకేమో అది పెద్ద గొప్పగా ఉండేది, ఆ గొప్పే తర్వాత నా కొంప ముంచింది.

కరీంనగర్‌లో మా అత్తగారివాళ్ళది వెండి తీగపని చేసే ఇల్లు. మా మామ ఆ పనిలో అందె వేసిన చెయ్యి. మా ఆయన మాత్రం ఆ కుంపటి ముందు కూర్చోలేనని, మంచిర్యాల దిక్కు బొగ్గుబావిలో కొలువు సంపాదించి, ఆదివారం ఆదివారం ఇంటికి వచ్చిపోతుండేవాడు. ఇంట్లో మామ, అత్త, నేను. వెండిని వరుసగా సన్నబడే కన్నాలున్న ఉక్కుపట్టీ గుండా లాగి లాగి దారమంత తీగ చేయడం, ఆ తీగలు రెండేసి కలిపి పేనడం, దాన్ని నొక్కి చదును చేయడం, ఇవన్నీ ఆడవాళ్ళ పనులు. ఆ తీగను పట్టకారుతో వంచి పూలుగా ఆకులుగా అమర్చడం, గురివింద గింజలు నూరిన జిగురుతో అభ్రకం పలక మీద నిలబెట్టడం, వెలిగారం, టంకం పొడి చల్లి కుంపటి మీద ఊదుగొట్టంతో ఊది అతికించడం మామ పని. ఒక్క ఊదు ఎక్కువైందంటే వారం రోజుల అల్లిక కరిగి ముద్దవుతుంది. అందుకని ఆయన ఊదుతున్నప్పుడు మా అత్త తుమ్ము వచ్చినా ముక్కు మూసుకునేది.

ఆ రోజుల్లో కోడలు మామతో ఎదురుగా మాట్లాడకూడదు కదా. తల మీద కొంగు, గడప ఇవతల చాప, మా ఇద్దరి నడుమ అత్త. ఆయన నా నుంచి రెండు మూరల దూరంలో కూర్చుని, "గా సన్నతీగ ఏడ పెట్టిందో అడుగు" అని అత్తతో అనేవాడు. అత్త నా వైపు తిరిగి, "సన్నతీగ ఏడ పెట్టినవంట" అనేది. "మామ మోకాలి పక్కన్నే ఉన్నది, అత్తా" అనేదాన్ని. "నీ మోకాలి పక్కన్నే ఉన్నదంట" అని ఆమె అటు తిరిగేది. ఇట్లా పొద్దంతా అటూ ఇటూ తిరిగి, సాయంత్రానికి మెడ పట్టేసిందని జండూబామ్ రాయించుకునేది పాపం, నా చేతనే.

మధ్యాహ్నాలు పని తేలికగా ఉంటే మామ కథలు చెప్పేవాడు, అత్తకే చెప్తున్నట్టు, అవి ఆమె ఎన్ని వందల సార్లు విని ఉంటుందో! ఎవరి కోసం చెప్తున్నాడో ముగ్గురికీ తెలుసు. నవాబుల కాలంలో దర్బారువాళ్ళకు ఏదైనా ఇరాన్‌లో ఉన్నట్టు ఉండాలట. కూర్చునే తివాచీ అట్లాగే, చదివే పద్యం అట్లాగే, పెళ్ళికి వచ్చినవాళ్ళకు అత్తరు పూసి, పాన్ ఇచ్చి, పన్నీరు చల్లే మర్యాద అట్లాగే. ఆ మర్యాద నిలబడాలంటే అత్తరుదానులు, పాన్‌దానులు, గులాబ్‌పాష్‌లు కావాలి, వాటిని చేసే చేతులు కావాలి. అట్లా ఇరాన్ నుంచి వచ్చిన ఒక ఉస్తాద్ ఎలగందుల ఖిల్లాలో ఉండి మా మామ ముత్తాతకు ఈ పని నేర్పించాడట. మా ఇంటివాళ్ళు ఒక్క ముక్క ఫార్సీ గానీ ఉర్దూ గానీ చదవకపోయినా పువ్వును గుల్ అనీ, అల్లుకునే తీగను బేల్ అనీ అనేవాళ్ళు. నిర్మల్‌లో మా బాపు నోట కూడా అవే మాటలు. పెళ్ళయిన కొత్తలో పుట్టింటి మీద బెంగతో కుమిలిపోతున్న నాకు, అక్కడి పువ్వే ఇక్కడ వెండిలో పూస్తోందని తెలిసిన రోజున ప్రాణం లేచి వచ్చింది.

మామకు కళ్ళు పోతున్నాయని మొదట కనిపెట్టింది నేనే. మోకాలి పక్కన ఉన్న తీగను అడిగినప్పుడే అనుమానం వచ్చింది. పట్టకారును చూసి తీసుకోవడం లేదు, తడిమి తీసుకుంటున్నాడు. అత్తకు చెప్తే ఆమె నోరు మూసుకోమని సైగ చేసి, కళ్ళు తుడుచుకుంది. ఆమెకూ తెలుసు. చూపులేని ఔసులాయనకు ఎవరు పని ఇస్తారు? అంతకన్నా, తన చెయ్యి ఇక సాగదని ఒప్పుకోవడం మా మామకు చావుతో సమానం. అందుకని ఇంట్లో ముగ్గురం ముగ్గురికీ తెలియనట్టే నటించాం.

సరిగ్గా అప్పుడే బేగంసాబ్ కబురు పంపింది. ఎలగందుల దిక్కు ఒకప్పుడు జాగీరు ఉన్న కుటుంబం వాళ్ళది, జాగీరు పోయినా కరీంనగర్‌లో పాత ఇల్లు, పాత మర్యాదలు మిగిలాయి. మా మామ తాత చేసిన పన్నీరుబుడ్ల జత ఒకటి వాళ్ళింట్లో ఉండేదట, నిజాం రాజ్యం పోయిన గడబిడ రోజుల్లో అందులో ఒకటి పోయింది. మనవరాలి నిఖా దగ్గరికి వచ్చింది, రెండో దాన్ని అచ్చం అట్లాగే చేసి జత కలపాలి. మిగిలిన బుడ్డిని మాత్రం ఆమె గడప దాటనివ్వదు. చూసి చేయవలసిన అవసరం తనకు లేదని, ఆ అల్లిక తన వేళ్ళకే తెలుసని చెప్పి మామ ఒప్పుకుని వచ్చాడు. ఇదే తన ఆఖరి పని అని ఆయనకు తెలుసని, వచ్చి కూర్చున్న తీరులోనే నాకు అర్థమైంది.

రెండు నెలలు చేశాం. చేశాం అనే అంటాను, ఎవరేమనుకున్నా సరే. ఆయన వేళ్ళు వంచుతుంటే నేను గడప ఇవతలి నుంచి, "జర కుడికి జరపమను అత్తా", "ఇంకో గింజంత లోపలికి" అని చెప్తుండేదాన్ని. కొన్నాళ్ళకు అత్త నా మాట మోయడం మానేసి ఊరికే మధ్యలో కూర్చునేది, నేను ఆమెతోనే అన్నట్టు అనేదాన్ని, ఆయన వినపడనట్టే ఉండి సరిదిద్దుకునేవాడు. పొట్ట మీది పెద్ద పువ్వు మాత్రం ఎవరినీ అడగకుండా, కళ్ళు మూసుకుని ఒక్కడే అమర్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తిని నడుం వాల్చిన తర్వాత నేను పలక దగ్గరికి పోయి చూశాను. ఎనిమిది రేకులు. ఏడింటి కొసలు కుడివైపు ఒరిగి ఉన్నాయి. ఎనిమిదోది ఎడమవైపు తిరిగి ఉంది. అయ్యో, ఆఖరి పనిలో చెయ్యి తప్పిందే, బేగంసాబ్ చూస్తే ఇంకేమన్నా ఉందా, ఊరంతా గుడ్డి ఔసులాయన అని నవ్వుతుంది కదా! చెప్తే ఆయన మనసు విరిగిపోతుంది. చెప్పకపోతే పరువు పోతుంది. ఇంకా టంకం పడలేదు, జిగురు మీదే ఉంది. వేలి కొసతో తడి చేసి, పట్టకారుతో ఆ ఒక్క రేకును ఎత్తి తిరగేసి, మళ్ళీ అక్కడే అతికించాను. ఇప్పుడు ఎనిమిదీ ఒకే వైపు. మా బాపు చూస్తే మెచ్చుకునేవాడని మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున మామ టంకం పొడి చల్లి, నేను మంట రంగు చెప్తుండగా ఊది అతికించాడు. చింతపండుతో ఉడికించి, కుంకుడు నురుగుతో కడిగి తెల్లగా మెరుస్తున్న ఆ పువ్వును చేతిలోకి తీసుకుని, బొటనవేలితో చుట్టూ తడిమాడు. ఒక దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి తడిమాడు. మళ్ళీ అక్కడే ఆగింది. చివరికి, "మంచిగనే ఉన్నది" అని, ఎవరితోనో తెలియకుండా అన్నాడు. దాన్ని బుడ్డికి అతికించి ఎర్ర గుడ్డలో చుట్టాడు.

అత్తకు జ్వరంగా ఉండడంతో బేగంసాబ్ ఇంటికి మామ వెంట నేనే పోవలసి వచ్చింది. కడుపుతో ఉన్న కోడలు, మామ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే వాడకట్టువాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. బేగంసాబ్ తెల్లటి దుపట్టా తల మీద కప్పుకుని చెక్క తఖ్తు మీద కూర్చుని ఉంది. పాత బుడ్డిని తెప్పించి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి, వెలుగుకు తిప్పి చూసింది. నేనూ అప్పుడే మొదటిసారి పాతదాన్ని చూశాను. దాని మీది పువ్వుకు ఎనిమిది రేకులు. ఏడు కుడివైపు, ఒకటి ఎడమవైపు.

"ఉస్తాద్, ఏ బజార్ల కొన్నవ్ దీన్ని?" అన్నది బేగంసాబ్. కోపం లేదు ఆ గొంతులో, అదే ఇంకా బాధ. "మీ ఇంటి రేకు ఏది? గిది నకల్ గదా?"

నకల్ అనే మాట మా మామ బతుకులో ఎవరూ అనలేదు. ఒకరి పనిని తన పని అని చెప్పి అమ్మినవాడి కిందికి దించేసింది ఆయనను ఆ ఒక్క మాట. నేను చేశానని చెప్పవలసినదాన్ని. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ నిలబడ్డాను.

మామ తలపాగా సర్దుకున్నాడు. "నకల్ కాదు బేగంసాబ్. నాకు కండ్లు కనబడ్తలేవు. ఎవ్వరికీ చెప్పలే. చేతులు నాయి, సూపు నా కోడలిది. నా చెయ్యి తప్పిందనుకొని, నా ఇజ్జత్ కాపాడుదామని గా రేకును సక్కగ చేసింది. మా ఇంటి గుర్తు ఆమెకు చెప్పకపోవుడు మా తప్పు." నా వైపు తల తిప్పి, "ఇగ మా ఇంటి పువ్వు గిట్లనే తిరుగుతదనుకోండ్రి" అన్నాడు.

ఇంట్లో భార్య ముందు కూడా ఒప్పుకోని మాటను, ఆయన నా కోసం నలుగురి ముందు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయనకు పని ఎవరూ ఇవ్వరని తెలిసే ఒప్పుకున్నాడు. బేగంసాబ్ రెండు బుడ్లనూ ఒడిలోకి తీసుకుంది. తర్వాత కొత్తదాంట్లో పన్నీరు పోయించి, ముందు మా మామ చేతుల మీద చల్లి, నన్ను దగ్గరికి పిలిచి నా చేతుల మీద చల్లింది. "జీతీ రహో బేటీ" అని దీవించింది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కళ్ళు చెమరుస్తాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఒకే రిక్షాలో పక్కపక్కన కూర్చున్నాం. మధ్యలో అత్త లేదు. మామ మొదటిసారి నన్ను బిడ్డా అని పిలిచి నాతో మాట్లాడాడు. ఆ రేకు సంగతి కుంపటి ముందు కూర్చునే కొడుకుకు మాత్రమే చెప్తారట. ఆ ఉస్తాద్ ఇల్లూ వాకిలీ వదిలి ఇంత దూరం వచ్చినవాడు కదా, చేసిన ప్రతి పువ్వులో ఒక్క రేకును వెనక్కి తిప్పి, ఇది మా ఊరి దిక్కు చూస్తది అనేవాడట. "గా ఊరు ఎట్లుంటదో మాలో ఒక్కనికీ తెల్వదు బిడ్డా. అయినా గా రేకు మాత్రం గటే సూసేది. నువ్వు సుత పొద్దుగాల లేస్తే నిర్మల్ దిక్కు సూస్తవ్ గదా. నీకు ముందుగాల చెప్పకపోతిని." నేను ఇంకా ఏడుస్తుంటే ఆయన నవ్వి, మీ బాపు పూలల్ల గిసొంటిది ఉండదా అని అడిగాడు. ఉండదు, ఉంటే నేనే తుడిపిస్తానని చెప్పాను. రిక్షా అతను తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు మా మామ.

ఆదివారం వచ్చిన మా ఆయనను ఆ రేకు సంగతి అడిగితే, "నాకు ఎరుకే, చిన్నప్పుడు కుంపటి ముందు కూసున్ననాడే బాపు చెప్పిండు, నువ్వు అడిగితే చెప్తుంటిని గదా" అన్నాడు తీరుబడిగా. రెండు ఆదివారాలు ఆయనతో మాట్లాడలేదు నేను.

అనుకున్నట్టే ఆ తర్వాత మామకు పని రాలేదు. కంటి నరమే ఎండిపోయింది, ఆపరేషన్ చేసినా లాభం లేదని పట్నం డాక్టరు చెప్పాడు. మా పెద్ద బిడ్డ పుట్టాక అందరం బొగ్గుబావుల కాలనీలోని క్వార్టరుకు వచ్చేశాం. కుంపటి, ఊదుగొట్టం ఎక్కడ పోయాయో గుర్తు లేదు. పొద్దున్నే నేను వాకిట్లో ఎనిమిది రేకుల ముగ్గు వేసి, ఒక రేకును వెనక్కి తిప్పేదాన్ని. మామ గడపలో కూర్చుని, "తిప్పినవా బిడ్డా" అని అడిగేవాడు. తిప్పినా అనేదాన్ని. మధ్యాహ్నానికల్లా దాని మీద బొగ్గు దుమ్ము పడి ఏ రేకు ఎటో తెలియకుండా పోయేది, మళ్ళీ మర్నాడు వేసేదాన్ని. ఆయన పోయిన తర్వాత కూడా చాన్నాళ్ళు వేశాను, తర్వాత మోకాళ్ళు వంగడం మానేశాయి.

ఇదంతా ఆ అద్దాల పెట్టె ముందు నిలబడే మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల ఊరుకునే రకం కాదు, నన్ను బరబరా అక్కడి ఆఫీసు గదికి లాక్కుపోయింది. అక్కడున్న అమ్మాయి మంచిది, కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, మా మామ పేరు కాగితం మీద రాసుకుంది కూడా. చీటీ మార్చాలంటే ఏదైనా ఆధారం ఉండాలండీ అన్నది మెల్లగా. పాత పనివాళ్ళు తమ పని మీద ఏదో ఒక గుర్తు పెట్టుకునేవాళ్ళు కదా, మీ ఇంటి గుర్తు దాని మీద ఏమైనా ఉందా అని అడిగింది.

మనవరాలు పరుగున పోయి, పువ్వును ఫోనులో ఫొటో తీసి తెచ్చి, వేళ్ళతో పెద్దది చేసి లెక్కపెట్టింది. "ఎనిమిదీ ఒక్క తీరుగనే ఉన్నయ్ గదా అమ్మమ్మా" అన్నది.

ఉన్నాయి. ఎందుకుండవు? ఆ ఇంట్లో తరతరాలుగా తయారైన వస్తువుల్లో ఆ గుర్తు లేనిది బహుశా అదొక్కటే, నాకు తెలిసి అద్దాల పెట్టె దాకా వచ్చి నిలిచిందీ అదే. మామ పేరు రాసిన ఆ కాగితాన్ని అక్కడే వదిలేసి వచ్చాం.

ఇప్పుడు మంచిర్యాలలో మా వీధి చివరి దుకాణంలో యంత్రం మీద అచ్చు కొట్టిన వెండి పన్నీరుబుడ్లు దొరుకుతాయి, గుమ్మం ముందు అతికించుకునే ముగ్గు కాగితాలు కూడా అక్కడే దొరుకుతాయి. అందంగానే ఉంటాయి, పేరు పెట్టడానికి లేదు, ఒక్క గీత అటూ ఇటూ కాదు. కూరగాయలకు పోయినప్పుడల్లా ఆగి వాటి మీది పూలను చూస్తాను, అలవాటు కొద్దీ రేకులు లెక్కపెడతాను. ఒక్క రేకూ ఏ ఊరి దిక్కూ చూడదు. మా మామ చేతిలో ఒకటి చూసేది. దాన్ని సరిచేసింది నేనే.